ఆడపిల్లలతో, 'తేడా' అనిపించుకునే పిల్లలతో పద్యనాటకం వేయించడం ఎలా

మన ఇళ్లలో ఆడపిల్లకు మాటలు వచ్చినప్పటి నుంచి చెప్పేది ఒకటే, గొంతు తగ్గించు అని. పద్యనాటకం చెప్పేది దానికి పూర్తిగా తలకిందులు. గొంతెత్తు, ఆఖరి వరసలో కూర్చున్న తాతగారికి కూడా వినపడాలి, రాగం తీసేటప్పుడు తల దించకు, చెయ్యి చాపు, స్టేజీ మధ్యకి రా. ఈ పాత కళ మీద నాకు ఇంత నమ్మకం అందుకే. ఆడపిల్లలకే కాదు, నడక చూసి, గొంతు విని ఊరు పేర్లు పెట్టే పిల్లలకు కూడా ఇది కావాలి. మగరాయుడు అనిపించుకునే అమ్మాయి, అమ్మాయిలా నడుస్తాడని మాటలు పడే అబ్బాయి, తనేమిటో ఇంకా మాటల్లో చెప్పుకోవడం రాని పిల్ల, వీళ్లందరికీ నిలబడి నోరు విప్పే ఒక చోటు కావాలి. కొన్నేళ్లుగా వేసవి సెలవుల్లో ఇలాంటి పిల్లలతో నాటకాలు ఆడిస్తున్నాను. మీ ఊళ్లో మీరూ మొదలుపెట్టాలనుకుంటే ఏం చేయాలో, నేను ఎక్కడ తప్పు చేశానో రెండూ కలిపి చెప్తాను.

ముందు గది చూసుకోండి

12 మందికి మించి తీసుకోకండి. 11 నుంచి 17 ఏళ్ల వాళ్లయితే బాగుంటుంది. ఆరు వారాలు, రోజుకు గంటన్నర చాలు. ఎండలకి పొద్దున 7 గంటలకే మొదలుపెట్టేయండి. బడి వరండా, గ్రంథాలయం హాలు, కల్యాణమండపం ఏదైనా సరే, కానీ గొళ్లెం పడే బాత్‌రూమ్ ఉందో లేదో మీరే వెళ్లి చూడండి. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, అందులో కనీసం ఒకరు ఆడమనిషి. తలుపు వేసిన గదిలో ఏ పెద్దవాళ్లూ ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, మీతో సహా. అలమరలో శానిటరీ ప్యాడ్లు పెట్టి, అవి అక్కడున్నాయని మొదటి రోజే అందరి ముందూ మామూలుగా చెప్పేయండి. నెలసరి వచ్చిందని రిహార్సల్ మానేయాల్సిన పని లేదని కూడా చెప్పండి.

కరపత్రంలో "ట్రాన్స్‌జెండర్ పిల్లల కోసం" లాంటి మాట వేయకండి. మీ ఉద్దేశం మంచిదే, కానీ ఆ కాగితం పట్టుకుని మీ దగ్గరికి వచ్చిన పిల్లను ఊరంతా వేలెత్తి చూపిస్తుంది. "ఏ వేషమైనా ఎవరైనా వేయొచ్చు" అని ఒక్క వాక్యం వేయండి. ఎవరికి ఆ మాట అవసరమో వాళ్లకి అది అందుతుంది, నేను చూశాను.

పిలుపు దగ్గర జాగ్రత్త

ఇది చిన్న విషయం అనుకోకండి, సగం పని ఇక్కడే ఉంది. మన తెలుగులో ఒక సౌకర్యం ఉంది. "నేను వచ్చాను" అన్నప్పుడు ఆడా మగా తెలియదు, "నువ్వు వచ్చావు" అన్నా తెలియదు. మనిషిని పక్కన పెట్టి ఆ మనిషి గురించి మాట్లాడినప్పుడే "వచ్చాడు", "వచ్చింది" అన్న తేడా వస్తుంది. కాబట్టి ఆ పిల్లతో నేరుగా మాట్లాడండి, పిల్ల ముందే పక్కవాళ్లతో పిల్ల గురించి మాట్లాడటం మానేయండి. తప్పనప్పుడు "గారు" పెట్టి "వచ్చారు" అనండి. మేము రిహార్సల్‌లో అందరినీ వేషం పేరుతోనే పిలుస్తాం. "ఉత్తరకుమారుడు గారు వచ్చారా? ద్రోణాచార్యుల వారు ఇంకా రాలేదేం?" అంటాం. పిల్లలు నవ్వుకుంటారు, సరదాగా ఉంటుంది, ఎవరినీ ఎటువైపూ తోసెయ్యకుండా పని జరిగిపోతుంది. "ఏరా", "ఏమే", "ఏమ్మా" అన్నీ అలవాటుగా నోట్లోంచి వచ్చేస్తుంటాయి. ఏ పిల్లకి ఏది ఇష్టమో కనిపెట్టి చూడండి. ఆడంగి, కొజ్జా లాంటి మాటలు మాత్రం గదిలో ఎవరి నోట వచ్చినా రిహార్సల్ అక్కడే ఆపేసి మాట్లాడండి.

నా తప్పు ఇక్కడ చెప్పాలి. మొదటి ఏడాది ఒక అబ్బాయి కృష్ణుడి ఎంట్రీ చేస్తుంటే నేను అందరి ముందూ "ఆ నడకేంటి, మగాడిలా నడువు" అన్నాను. నాకు నాటకం నేర్పినవాళ్లు అలాగే అనేవాళ్లు, అది తప్పన్న ఆలోచన కూడా రాలేదు. మర్నాడు ఆ పిల్లాడు రాలేదు. ఇంటికి వెళ్లి అడిగితే కడుపునొప్పి అన్నారు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. పద్యం చాలా బాగా పాడేవాడు. ఇప్పటికీ ఆ గొంతు గుర్తొస్తూనే ఉంటుంది.

ఏ ఘట్టం ఎంచుకోవాలి

పూర్తి నాటకం జోలికి పోకండి. 25 నిమిషాల ఘట్టం ఒకటి తీసుకోండి. నేను ఎక్కువగా వాడేవి మూడు.

మొదటిది ఉత్తర గోగ్రహణం, కౌరవులు విరాటరాజు ఆవుల్ని తోలుకుపోయే ఘట్టం. తిక్కన విరాటపర్వంలోది. అంతఃపురంలో ఆడవాళ్ల ముందు గొప్పలు చెప్పుకునే ఉత్తరకుమారుడు, కౌరవసేనను చూసి రథం దిగి పరిగెత్తే ఉత్తరకుమారుడు, వాణ్ణి పట్టుకుని ధైర్యం చెప్పే బృహన్నల (అజ్ఞాతవాసంలో ఆట నేర్పే వేషంలో ఉన్న అర్జునుడు), జమ్మిచెట్టు మీద ఆయుధాలు, బొమ్మపొత్తికలు, అంటే బొమ్మలకి కట్టే గుడ్డలు, తెమ్మని అడిగే రాకుమారి ఉత్తర. పిల్లలకి ఇంతకంటే మంచి ఘట్టం నాకు కనపడలేదు. సభలో మాటలు చెప్పే మగతనం ఎంత, జడ వేసుకుని ఆట నేర్పే బృహన్నల ధైర్యం ఎంత అని మీరు వివరించాల్సిన పనే లేదు, పిల్లలే అడుగుతారు. బృహన్నల పేరును వెక్కిరింపుకి వాడేవాళ్లున్నారు, మీ పిల్లల్లో ఎవరో ఒకరు ఆ మాట పడే ఉంటారు. ఆ వేషం చూసి ద్రోణుడు, ఆకలితో గుహలోంచి బయటికి వచ్చే సింహంలా అర్జునుడు వస్తున్నాడని చెప్పే పద్యం ఉంది, "సింగం బాకటితో" అని మొదలవుతుంది. అది ఒకసారి అర్థం చెప్పి పాడించండి. నిన్నటిదాకా తిట్టుగా విన్న పేరు పక్కన సింహం వచ్చి నిలబడుతుంది. ఒక్క జాగ్రత్త, బృహన్నల వేషానికి నవ్వు పుట్టించే చేష్టలు పెట్టకండి. చీర కట్టుకున్న మగమనిషిని చూసి జనం నవ్వాలని రాసిన సీన్లు ఏ నాటకంలో ఉన్నా తీసేయండి.

రెండోది నరకాసుర వధలో సత్యభామ. పోతన నాటకం రాయలేదు, కానీ ఆ పద్యాలు చదువుతుంటే స్టేజీ కళ్ల ముందు కనపడుతుంది. జుట్టు ముడి వేసి, చీర బిగించి కట్టి యుద్ధానికి లేస్తుంది. ఇక్కడ పిల్లలతో మాట్లాడుకోవడానికి ఒక మంచి విషయం ఉంది. పోతన భాగవతంలో నరకుణ్ణి చివరికి చంపేది కృష్ణుడి చక్రం. జనం నోట మాత్రం చంపింది సత్యభామే. ఎందుకలా మారిందో పిల్లల్నే అడగండి, ఒక రిహార్సల్ అంతా దానికే ఇచ్చేసినా నష్టం లేదు.

మూడోది హరిశ్చంద్ర కాటిసీను. ఆశ్చర్యపోకండి. మన దగ్గర చాలా ఇళ్లలో ఆడవాళ్లని శ్మశానానికి రానివ్వరు. 15 ఏళ్ల పిల్ల గొంగళి కప్పుకుని, భుజాన కర్ర పెట్టుకుని కాటికాపరిగా నిలబడి, చావు ముందు అందరూ ఒకటేనని చెప్పే జాషువా పద్యాలు పాడుతుంటే ముందు వరసలో అమ్మలు ఎలా చూస్తారో మీరే చూద్దురుగాని.

పద్యం గొంతులోకి ఎక్కించడం

చాలామంది ముందు రాగం నేర్పేస్తారు. అలా చేస్తే పిల్ల చిలకపలుకులా పాడుతుంది, పద్యం తనది అవదు. వరస ఇలా పెట్టుకోండి. ముందు పదాలు విడగొట్టి అర్థం. తర్వాత అదే విషయాన్ని పిల్ల తన ఇంటి భాషలో చెప్పాలి, యాస ఏదైనా సరే. ఆ తర్వాత రాగం లేకుండా పద్యం గట్టిగా చదవడం. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జోడీ అక్షరం, ఎక్కడ పడుతుందో చూపించండి, ఉత్పలమాల పద్యానికి పదో అక్షరం, శార్దూల పద్యానికి పదమూడో అక్షరం. అది తెలిస్తే పద్యం మర్చిపోరు. ఇవన్నీ అయ్యాకే రాగం.

సత్యభామ మీద ఒక సీసపద్యం ఉంది, "రాకేందుబింబమై రవిబింబమై" అని మొదలవుతుంది. ఒకే ముఖం, కృష్ణుడి వైపు తిరిగితే నిండు చందమామ, నరకుడి వైపు తిరిగితే సూర్యబింబం. దీన్ని మేము ఇలా చేయిస్తాం. పిల్లని మధ్యలో నిలబెట్టి కుడివైపు ఒకరిని, ఎడమవైపు ఒకరిని ఉంచుతాం. పాదంలో మొదటి సగం ఇటు చూసి, రెండో సగం అటు చూసి చెప్పాలి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. చందమామ వైపు బాగానే చెప్పేది. సూర్యుడి వైపు తిరిగేసరికి నవ్వు వచ్చేసేది, కోపం మాత్రం వచ్చేది కాదు. "నాకు కోపం రాదు మేడమ్" అంది. మూడు రోజులు అలాగే నవ్వింది. నాలుగో రోజు ఎదురుగా నిలబడ్డ పిల్ల ఏం చేసిందంటే, ఆ పద్యం మధ్యలో మెల్లగా "అంత గట్టిగా అరవకే, ఎవరైనా వింటారు" అంది, అచ్చం ఇంట్లో పెద్దవాళ్లు అన్నట్టే. ఈ పిల్ల నవ్వు టక్కున ఆగిపోయింది. మెడ నరాలు కనపడ్డాయి, గుప్పిట బిగిసింది, "రవిబింబమై" అన్న మాట గోడకి తగిలి తిరిగొచ్చింది. హార్మోనియం ఆయన వాయించడం ఆపేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత ఆ పిల్ల కాసేపు ఏడ్చింది, మేమెవరమూ ఆపలేదు, మంచినీళ్లిచ్చి పక్కన కూర్చున్నాం. ఇలాంటివి జరుగుతాయి, అందుకే రెండో పెద్దమనిషి గదిలో ఉండాలనేది.

శ్రుతి, అంటే గొంతు ఎంత ఎత్తులో పాడాలన్న విషయం. మగ గొంతులకి మామూలుగా ఒకటి, రెండు శ్రుతులు, ఆడ గొంతులకి ఐదు, ఆరు. కానీ పిల్ల ఆడో మగో చూసి శ్రుతి పెట్టకండి, ఆ గొంతు ఎక్కడ హాయిగా ఉందో అక్కడ పెట్టండి. కృష్ణుడు ఐదు శ్రుతిలో పాడితే మిన్ను విరిగి మీద పడదు. 13, 14 ఏళ్లకి అబ్బాయిల గొంతు పగులుతుంది. తనను తాను అమ్మాయిగా అనుకునే పిల్లకి ఆ మార్పు భరించలేని టెన్షన్. ఆ సమయంలో పాడమని బలవంతం చేయకండి. వచనం ఎక్కువగా ఉన్న పోర్షన్ ఇవ్వండి, లేదా పద్యాన్ని రాగం లేకుండా చదవనివ్వండి, అది కూడా అందంగానే ఉంటుంది. హార్మోనియం వాయించేవాళ్లు దొరకకపోతే ఫోన్లో శ్రుతి యాప్ పెట్టుకుని నడిపించేయొచ్చు.

మోచేతులు విప్పించండి

ఆడపిల్లలు చాలామంది మోచేతులు పక్కటెముకలకి అంటించుకునే నిలబడతారు. చిన్నప్పటి నుంచి బస్సుల్లో, సందుల్లో ఒళ్లు కాపాడుకోవడానికి అలవాటైన భంగిమ అది. తప్పు పట్టకండి. సుద్దముక్కతో నేల మీద చేతులు చాపితే పట్టేంత గుండ్రం ఒకటి గీసి, "ఇది నీ రాజ్యం, చివరిదాకా వాడుకో" అని చెప్పండి. విల్లు ఎక్కుపెట్టడం రోజుకు 20 సార్లు చేయించండి, వెదురు బద్దతో సరిపోతుంది. విల్లు లాగాలంటే మోచెయ్యి విప్పక తప్పదు. వారం తిరిగేసరికి భుజాలు మారతాయి. ఎవరినీ ముట్టుకుని సరిచేయకండి, మీరు చేసి చూపించండి, లేదంటే "చెయ్యి పట్టుకోనా?" అని అడిగి, ఊ అన్నాకే పట్టుకోండి.

వేషాలు పంచడం

ఇందులో నేను అసలు రాజీ పడను. ఎత్తు చూసి భీముడు, రంగు చూసి నాయిక, గొంతు చూసి కృష్ణుడు అని పంచకండి. మొదటి రెండు వారాలు అందరూ అన్ని వేషాలూ వేయాలి. రోజుకొకరు దుర్యోధనుడు, రోజుకొకరు ద్రౌపది. తర్వాత ఒక చీటీ మీద తమకి కావలసిన రెండు వేషాలు రాసి, మడిచి మీ చేతికి ఇమ్మనండి. గట్టిగా అడిగితే నిజం చెప్పరు. ఒకే వేషం ముగ్గురు అడిగితే సీన్లు పంచుకుని ముగ్గురూ వేస్తారు, బృహన్నల మాకు ఒకసారి ఇద్దరు ఉన్నారు.

ఏ పిల్లనీ "నువ్వు ఎందుకు ఆ వేషం అడిగావు" అనకండి. అబ్బాయి సత్యభామని అడిగితే దానికి కారణం వెతకొద్దు. తనకి ఆ పద్యాలు నచ్చి ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు. చెప్పాలనిపించినప్పుడు తనే చెప్తుంది, లేదా చెప్తాడు. చెప్తే వినండి, నమ్మండి, ఇంట్లో వాళ్లకి చేరవేయకండి. పిల్లను ఇంట్లో కొడుతున్నారనో, ప్రాణం తీసుకునే ఆలోచనలో ఉందనో తెలిస్తే మాత్రం మీలో మీరు దాచుకోకుండా పిల్లల సహాయానికి ఉన్న 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి, ఆ సంగతి ముందే పిల్లకి చెప్పండి.

ఇంటివాళ్లతో, ఊరితో

"మా అమ్మాయి మీసం పెట్టుకోవడమేంటండీ" అని ఒక నాన్న తప్పకుండా వస్తాడు. గొడవ పడకండి, కూర్చోబెట్టి టీ ఇచ్చి మన నాటకం కథే చెప్పండి. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారు జీవితమంతా ఆడవేషాలు వేశారు, సత్యభామగా ఆయన్ని చూడటానికి జనం విరగబడేవారు, 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామ వేషం కట్టి ఆడిన భామాకలాపం సంగతి అందరికీ తెలిసిందే, ఆయనకి 1970లో పద్మశ్రీ వచ్చింది. 1885లో కడప జిల్లా సురభిలో కీచకవధతో మొదలైన సురభి కుటుంబాలు, వేరే చోట ఆడవేషాలన్నీ మగవాళ్లే వేస్తున్న కాలంలో తమ ఇంటి ఆడవాళ్లని స్టేజీ మీదికి తెచ్చాయి. ఇంతకీ ఆడవాళ్లు మగ పాత్ర వేయడానికి, మగవాళ్లు ఆడ పాత్ర వేయడానికి భరతుడి నాట్యశాస్త్రంలోనే చోటుంది. "మీ అమ్మాయి కొత్తగా ఏం చేయడం లేదండీ" అంటే చాలామంది మెత్తబడతారు.

మీరు మాత్రం ఇంకో సంగతి కూడా మనసులో ఉంచుకోండి. స్టేజీ మీద చీర కట్టిన మగవాళ్లకి మనం దండలు వేశాం, వీధిలో చీర కట్టినవాళ్లని జైల్లో పెట్టాం. నిజాం కాలంలో, 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో వచ్చిన చట్టం ప్రకారం హిజ్రాలు ఆడవాళ్ల బట్టలతో వీధిలో కనపడినా, అందరి ముందు ఆడిపాడినా వారంటు లేకుండా పట్టుకునే వీలుండేది. ఆ చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లో. ఎంత ఆలస్యమో చూడండి. స్త్రీ, పురుషుడు కాకుండా మూడో గుర్తింపు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది కూడా 2014లోనే. మన పిల్లలు మేకప్ తుడుచుకుని ఇంటికి వెళ్లేటప్పుడు నడిచేది ఆ వీధిలోనే. అందుకే రిహార్సల్ అయ్యాక ఇద్దరిద్దరిగా పంపించండి.

వేషం, ప్రదర్శన

డ్రెస్సులు అద్దెకి తెచ్చుకోవచ్చు, కానీ కిరీటాలు, భుజకీర్తులు పెద్దవాళ్ల కొలతలవి, పిల్లల తల మీద నిలవవు. అట్టతో, బంగారు కాగితంతో పిల్లలే చేసుకుంటే బాగుంటాయి. మీసానికి గమ్ పెట్టకుండా కాటుక పెన్సిల్‌తో గీయండి. రంగు ఏదైనా ముందు రోజు మోచేతి లోపల కొంచెం రాసి దురద వస్తుందేమో చూడండి. బట్టలు మార్చుకోవడానికి దుప్పట్లు కట్టి ఒక్కొక్కరికి విడిగా మూడు అరలు చేయండి. "ఆడపిల్లలు ఇటు, మగపిల్లలు అటు" అని విడగొడితే ఎటు వెళ్లాలో తెలియక నిలబడిపోయే పిల్ల మీకు కనపడుతుంది. ఆ అవసరమే రానివ్వకండి.

మొదటి ప్రదర్శన 40 మందికి మించి వద్దు. అమ్మలు, అమ్మమ్మలు, స్నేహితులు. తెర తీసే ముందు మీరు వచ్చి రెండు మాటలు చెప్పండి, ఏ వేషం ఎవరు వేశారో వెతకొద్దు, వేషాన్నే చూడండి అని. వెనక నుంచి ఎవరైనా ఈల వేసినా, వెకిలిగా నవ్వినా నాటకం ఆపమని పిల్లలకి ముందే చెప్పి ఉంచండి. దాన్ని కూడా రిహార్సల్ చేయించాలి. మీరే ప్రేక్షకుల్లో కూర్చుని వెకిలిగా నవ్వండి. పిల్ల ఆగాలి, నవ్వినవాడి వైపు చూడాలి, ఊపిరి తీసుకోవాలి, పద్యం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాలి. మా దగ్గర ఒకసారి నిజంగానే అవసరమైంది. సత్యభామ వేసిన పిల్లాణ్ణి చూసి ఎవరో కూత పెట్టారు. ఆగాడు. చూశాడు. హార్మోనియం ఆయన శ్రుతి వదలకుండా పట్టుకునే ఉన్నాడు. పద్యం మళ్లీ మొదలుపెట్టి, రాగం ఎంతసేపు తీశాడంటే పక్కింటి మేడ మీద నుంచి ఎవరో వన్స్‌మోర్ అన్నారు.

ఫోటోలు తీయడానికి ఒక్కరినే పెట్టండి. వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేముందు ప్రతి పిల్లనీ విడిగా అడగండి, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నా పిల్ల వద్దంటే వద్దు.

నాటకం అయిపోయిన మర్నాడు పిల్లలకి చాలా దిగులుగా ఉంటుంది. నిన్న అర్జునుడు, ఇవాళ మళ్లీ బిందె పట్టుకుని కుళాయి దగ్గర. అందుకని సామాను సర్దే పని మీరు ఒక్కరే చేసేయకుండా మర్నాడు పొద్దున్నే అందర్నీ రమ్మనండి. బట్టలు ఆరేయాలి, కిరీటాలకి కాగితం చుట్టాలి, సుద్దగీతలు కడగాలి. తర్వాత నుంచి ఆదివారం సాయంత్రం గంటసేపు గది తీసి ఉంచండి. మొదటి ఆదివారం ముగ్గురే రావచ్చు. ముగ్గురు చాలు, శ్రుతి పెట్టండి.